చిలకలపూడి అనే వ్యక్తి

కువైట్‌లో నాలుగేళ్లు వంటపని చేసి తిరిగొస్తున్న మా పిన్నికి విమానాశ్రయంలో ఆకుపచ్చ బోర్డున్న దారి శుభంగా కనిపించి అటు నడిచింది. అది సుంకం కట్టవలసిన సరుకేదీ తమ దగ్గర లేదనేవాళ్లు వెళ్లే దారి. పిన్ని చేతులకు ఎనిమిది గాజులున్నాయి. బయట ఆమె తోడికోడలు ఫొటో తీద్దామని ఫోను పట్టుకుని నిలబడి ఉంది, అందుకని ఎనిమిదీ వేసుకుంది.

ఆపారు. గాజులు తీయించి, పరీక్షకు పంపుతామని రసీదు ఇచ్చారు. కొన్ని వారాలకు దివిసీమలో ఆమె ఇంటికి నోటీసు వచ్చింది. అది పట్టుకుని బందరులో మా ఇంటికి వచ్చేసింది. మా చుట్టాల్లో కాలేజీ మొహం చూడకుండా చట్టాలు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. గ్రంథాలయంలో కస్టమ్స్ చట్టం పుస్తకానికి అట్ట ఊడింది గాని, సెక్షన్లన్నీ భద్రంగా ఉన్నాయి.

నోటీసులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ గాజులు చిలకలపూడి అనే వ్యక్తివని ఆమే చెప్పిందట. ఆ వ్యక్తి ఆచూకీ విచారణలో తెలపాలట.

పిన్ని తల దించుకుంది. ఆ రోజు అధికారి హిందీలో ఎవరివని అడిగితే, ఆమె ఎక్కడివని అనుకుని, చిలకలపూడివని గొణిగింది. బందరు పక్కనున్న ఆ ఊరి రోల్డుగోల్డు మా జిల్లాలో తెలియనిదెవరికి? ఎనిమిదింటిలో రెండే బంగారం. మిగతా ఆరూ ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లిన రోల్డుగోల్డువి. తోడికోడలికి మాత్రం ఒక్కొక్కటే కువైట్‌లో కొంటున్నట్టు నాలుగేళ్లుగా ఫొటోలు పంపుతూ వచ్చింది.

నవ్వాపుకోలేక మంచం మీద కూలబడ్డాను. తేరుకున్నాక పుస్తకంలో చదివింది విప్పి చెప్పాను. శాఖవాళ్లే విచారించి సరుకు జప్తు చేసి జరిమానా వేయడం ఒక దారి. జప్తయినదాన్ని డబ్బు కట్టి విడిపించుకోనిస్తారు కూడా. కోర్టుకీడ్చి జైలుకు పంపడం రెండోది. అందులోనూ తగిన సొమ్ము కట్టి రాజీ పడే వీలుంది. చిలకలపూడి మనిషి కాదని చెబితే ఇదంతా తేలిపోతుంది. చెప్పకపోతే ఎవరి దొంగసరుకో మోసినట్టవుతుంది.

పిన్ని నోటీసు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆరు గాజులకి జైలైతే ఎన్నాళ్లు వేస్తారు నాన్నా?"

తోడికోడలి ముందు పరువు పోవడం కన్నా జైలే నయమేమోనని నిజంగానే బేరీజు వేసుకుంటోంది. ఆ తోడికోడలేమో సాక్ష్యానికి తానూ వస్తానని అప్పటికే చీర ఇస్త్రీ చేయించుకుంది.

విచారణకు ముగ్గురం వెళ్లాం. తోడికోడలి మెడలో లావుపాటి గొలుసు, చేతిలో బైబిలు. బస్సులో దారిపొడుగునా చిలకలపూడి వాణ్ణి దుమ్మెత్తిపోస్తూనే ఉంది. వాడికి సిగ్గు లేదంది, పైన పటారమేగాని లోపల సరుకు లేనివాడంది. పిన్ని కిటికీలోంచి కాలవనే చూస్తూ కూర్చుంది.

అధికారి రాయలసీమ ఆయన, నెమ్మదస్తుడు.

"చిలకలపూడి ఎవరమ్మా? యాడుంటాడు?"

నేను సెక్షను నంబరు ఎత్తుకోబోతే పిన్ని మోచేత్తో పొడిచింది. తోడికోడలి వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకుంది.

"మనిషి కాదండీ, ఊరండీ. ఆరు గాజులు రోల్డుగోల్డండీ. రెండే బంగారం."

"నాకు తెలుసులేవే," అంది తోడికోడలు. "నువ్వు కొన్న కొట్టువాడే చెప్పాడు, నువ్వు విమానం ఎక్కిన వారానికి."

"మరి బస్సులో తిట్టింది ఎవర్నక్కా?"

"నిన్నేనే."

అధికారి నవ్వుతూ ఆవిడ గొలుసు వైపు చూశాడు. ఆవిడ పైట సర్దుకుంది.

"ఇది డిక్లేర్ చెయ్యక్కర్లేదు కదండీ?"

పరీక్ష రిపోర్టూ పిన్ని మాటే చెప్పింది. రెండు గాజులకు సుంకం, కొద్దిపాటి జరిమానా కట్టించుకుని ఎనిమిదీ ఇచ్చేశారు. తిరుగు బస్సులో ఇద్దరూ చెరి నాలుగూ తొడుక్కున్నారు. పులిగడ్డ వంతెన మీద గాజులు గలగలలాడిస్తూ, ఏవి బంగారువో చప్పుణ్ణి బట్టి చెప్పమని నన్ను అడిగారు. మూడుసార్లూ తప్పే చెప్పాను. ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు.