రోడ్డు బాగానే ఉండాది అల్లుడా

మా మేనత్త పోయింది. పోయిన సోమవారం పొద్దున ఆదోనిలో ఒక హోటలుకు పాలు పోసి, మెట్ల మీద కూర్చుని, కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. హోటలాయన ఫోన్ చేసినప్పుడు నేను షెడ్డులో ఒక కారు కింద పడుకుని ఉన్నాను. "మీ అత్తకు బాగలేదు, తొందరగా ఆసుపత్రికి రాప్పా" అన్నాడు. ఆయన గొంతులోనే సంగతి తెలిసిపోయింది. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె పక్కింటి అక్క వాకిట్లో నిలబడి ఉంది. పెద్దకడుబూరు దగ్గరి మా ఊరి నుంచి వాళ్లిద్దరూ రోజూ పాలు, మజ్జిగ తీసుకుని కలిసే వచ్చేవాళ్లు. నన్ను చూడగానే "పోయినాది అబ్బోడా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను కార్ల మెకానిక్‌ని. ఆ మాట రాయడానికే ఇవాళ నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో చెబుతాను. చెబితే మా అత్త ఎలాంటిదో కూడా మీకు తెలుస్తుంది.

షెడ్డు పెట్టిన కొత్తలో ఎమ్మిగనూరు నుంచి ఒక పత్తి వ్యాపారి కారు తెచ్చాడు. వేగంగా పోతూ బ్రేకు తొక్కితే బండి గడగడ వణికేది. బ్రేకు వేస్తే వణికిందా, ముందు చక్రాల బ్రేకు డిస్కులు పోయినట్టే అని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. మార్చాను. వణుకు పోలేదు. ఆ డిస్కులు మంచివి కావేమోనని వేరేవి వేశాను. అయినా పోలేదు. మళ్లీ కారు వెనక్కి వచ్చిన రోజు ఆ మనిషి తాళం నా చేతిలో పెట్టి, పోయి నీడన కూర్చున్నాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే అత్త షెడ్డుకు వచ్చింది. అమ్ముడుపోగా మిగిలిన మజ్జిగ తపేలాతో ఉంది. నిన్ను ఊళ్లో దింపుతా, నాకు ట్రయలూ అవుతుంది అని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాను. తపేలా ఒళ్లో పెట్టుకుంది. ఆదోని దాటి రోడ్డు ఖాళీ అయ్యాక బ్రేకు తొక్కాను. బండి వణికింది.

"నీ సేతిలో సక్రం వణికిందా?" అని అడిగింది.

"లేదత్తా."

"మరి నా మజ్జిగ యాల వణుకుతాది? వణుకు ఈడ నా కింద ఉండాది. నువ్వు ముందర ఏం ఎతుకుతాండావు?"

స్టీరింగు వణికితే ముందు చక్రాలు చూడాలి, సీటు వణికితే వెనక చక్రాలు చూడాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు, నాకూ తెలిసిందే. తెలిసీ చూడలేదు. చేతి బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది కదా, కాలు తీసేసి దాన్ని మెల్లగా లాగాను. అదే వణుకు. మర్నాడు వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పితే వాటిలో ఒకటి గుండ్రం తప్పి ఉంది. దాన్ని మార్చాక బండి నిలబెట్టిన చోట నిలబడింది.

అప్పటి నుంచి వణికే కారు ఏదొచ్చినా, వీలుంటే అత్తను వెనక సీట్లో ఎక్కించుకునేవాణ్ని. ఎక్కగానే చెప్పులు విప్పి పాదాలు కింద ఆనించేది. తపేలా ఒళ్లోకి తీసుకునేది. "పాట ఆపు, నోరు ఆపు, ఆనక బ్రేకు కొట్టు" అనేది. రోజు మొత్తంలో ఆమె మాట్లాడని సమయం ఆ బ్రేకు పడేదాకానే. పడ్డాక మాత్రం ఇక పట్టలేం. "అమ్మో, ఈ బండి సలిజొరం వచ్చినట్ల వణుకుతాంది గదప్పా! దీంట్లో పెండ్లాం పిల్లోల్లను ఎట్ల తిప్పుతాండావు?" అని కారు ఓనరునే దులిపేసేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఒకాయన కౌతాళం నుంచి వస్తూ "మీ అత్త ఉండాదా షెడ్డులో?" అని ముందుగానే ఫోన్ చేసి కనుక్కునేవాడు.

డ్రమ్ములు ఎందుకు వంకరపోతాయో నేనొకసారి ఆమెకు చెప్పాను. దూరం నుంచి వచ్చి, వేడి తగ్గకుండానే కాలువ దగ్గర ఆపి, చక్రాల మీద బిందెలకు బిందెలు నీళ్లు గుమ్మరిస్తారు మన వాళ్లు, అలా చేస్తే వంకరపోవచ్చు అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "కాలిన పెనం మీద నీళ్లు పోస్తారా ఎవురన్నా? ఆ మాత్రం తెలీదా మొగోల్లకు?" అంది. ఆ పెనం మాట నాకు నచ్చి, వచ్చిన ప్రతి ఓనరుకూ అదే చెప్పి తిట్టేవాణ్ని.

అలా తిట్టిన నేనే ఈ ఎండాకాలం నా పాత వ్యాను కాలువ దగ్గర ఆపి, వేడి చక్రాల మీద నీళ్లు కొట్టాను. దుమ్ము పోవాలని తొందర. ఆ తర్వాతే వ్యాను బ్రేకు వేస్తే వణకడం మొదలుపెట్టింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. ఊరందరి బండ్లూ విప్పుతాను, నా బండి విప్పడానికి మాత్రం బద్ధకం. థూ, నా బతుకు!

ఆమె పోవడానికి కొన్నాళ్ల ముందు అత్తనూ పక్కింటి అక్కనూ ఆ వ్యానులోనే ఊళ్లో దింపాను. దారిలో ఒక బస్సు ఉన్నట్టుండి ఆగితే బ్రేకు తొక్కాను. వ్యాను మొత్తం వణికింది. "ఏందబ్బోడా ఇది?" అని పక్కింటి అక్క సీటు పట్టుకుంది. అంతలో అత్తే, "రోడ్డు బాగలేదులేమ్మే, ఈ గుంతలు ఎప్పుడు పూడుస్తారో ఏమో" అనేసింది. అక్కడ ఒక్క గుంత లేదు. ఊళ్లో అందరితోనూ "మా అల్లుడు సెయ్యి పెడితే బండి రాయి మాదిరి నిలబడతాది" అని చెప్పుకునే మనిషి. నా పరువు కోసం అబద్ధమాడింది. అక్క దిగి ఇంట్లోకి పోయాక, నా కిటికీ దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా అంది.

"రోడ్డు బాగానే ఉండాది అల్లుడా."

అంతే. తిట్టలేదు. ఖాళీ క్యాన్లు తీసుకుని లోపలికి పోయింది. రేపే విప్పుతానత్తా అని అరిచాను. విప్పలేదు.

సోమవారం ఆసుపత్రి దగ్గర హోటలాయన అంబులెన్సు పిలుస్తానన్నాడు. "వద్దు, మా అత్తను నా బండిలోనే తీసుకుపోతాను" అన్నాను, పెద్ద మొనగాణ్ని అయినట్టు. వ్యానులో చాప పరిచి పడుకోబెట్టాం. పక్కింటి అక్క తల దగ్గర కూర్చుంది. ఆ రోజు ఖాళీ అయిన పాల క్యాన్లు కాళ్ల దగ్గర పెట్టాం. ఆదోని దాటి వేగం అందుకున్నాక ఒక ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. క్యాన్ల మూతలు గలగలమన్నాయి. అప్పటిదాకా బండి వణుకు సంగతే నాకు గుర్తు లేదు.

అద్దంలో చూశాను. దుప్పటి కింద అత్త వణికి, ఆగింది.

అక్కడి నుంచి నేను బ్రేకు మీద కాలు పెట్టలేదు. గేరు తగ్గిస్తూ, యాక్సిలరేటరు వదిలేస్తూ, ఎద్దుల బండి కంటే మెల్లగా పోయాను. వెనకొచ్చే లారీలు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోయాయి. తిట్టనీ అనుకున్నాను. ఇంకొక్కసారి ఆమెను వణికించకుండా ఇంటికి చేర్చితే చాలు, అదొక్కటే నా ఆశ. ఏడుస్తూనే ఉన్నాను, ఏడుపు కంటే సిగ్గే ఎక్కువగా ఉంది.

మా ఊరి మలుపు దగ్గరకొచ్చేసరికి, ఇక వచ్చేశాం కదా అని కొంచెం వేగం పెంచాను. పత్తి చేలలోంచి గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. తొక్కక తప్పలేదు. వ్యాను వణికింది. మూతలు గలగలమన్నాయి.

"ఈ రోడ్డు పాడుగాను, గుంతలు పూడ్సరు, ఏం సెయ్యరు" అంది పక్కింటి అక్క.

"రోడ్డు బాగానే ఉండాదక్కా" అన్నాను. "బండి బాగలేదు. నేనే సూసుకోలే."

ఆమె అత్త మీది దుప్పటి సర్దింది. "తెలుసులే అబ్బోడా" అంది తర్వాత. "ఆయమ్మ ఉంటే అట్ల అనేది గదా. అందుకే అంటి."

గొర్రెలు ఎంతకీ తెగలేదు. ఇంజను ఆపేసి కూర్చున్నాను. అద్దంలో పక్కింటి అక్క కనిపిస్తోంది. ముందుకు వంగి, అత్త తలను ఒళ్లోకి తీసుకుని, ఒలికిపోతుందేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉంది.