రెండో మనిషి కోసం కొట్లాడిన ఎస్తేరు సిస్టర్

ఎస్తేరు సిస్టర్ ఇక లేరు. ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తూ మెట్ల మీదే కుప్పకూలారట. ఫోన్ చేసిన మనిషిని నమ్మలేక కసిరాను. గుండె ఆగిందని మళ్లీ చెప్పాడు. చందానగర్‌లోని మా బస్తీ దవాఖానను ఎరిగినవారికి ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను, దుఃఖం కంటే ఆగ్రహంతోనే ఎక్కువగా.

ఆమెది ఒంగోలు వైపు. ఏజెన్సీ పంపిన కాంట్రాక్టు నర్సు. నేను గోదాములో సరుకు చూసుకునేవాణ్ని, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. కరోనా రెండో విడతలో పనులు ఆగిపోయి దవాఖానలో సాయానికి వెళ్తే, ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుందో చూసి చెప్పే బాధ్యత ఆమే నాకు అప్పగించారు.

ఒక మధ్యాహ్నం ఒక్క సిలిండరే మిగిలింది. రోగులు ఇద్దరు: ఒక ముసలావిడ, తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ వాచ్‌మన్ యాదయ్య. పెద్దాసుపత్రుల్లో మంచాల్లేవు.

"ఒక్కరికైతే తెల్లారేదాక వస్తది సిస్టర్. ఇద్దరికి పెడితే నడిరాత్రి కాకముందే అయిపోతది" అన్నాను.

"లెక్క బాగుంది అన్నయ్యగారూ. ఆ ఒక్కరు ఎవరో కూడా తేలిందా?"

బోర్లా పడుకున్న యాదయ్యే రొప్పుతూ చెప్పాడు: "మా క్లబ్‌హౌస్‌ల ఆక్సిజన్ మిషన్లున్నయి సిస్టర్. డబ్బాలు గూడ ఇప్పలె. తాళమేసిన్రు."

ఆమె ఆ కమ్యూనిటీ అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేశారు. "అవి మా రెసిడెంట్స్ కోసమండి, బయటికివ్వం" అన్నాడాయన.

"మిషను బయటికి రాకూడదు, అంతే కదండీ? మనిషి లోపలికి రావచ్చుగా!"

ముసలావిడకు సిలిండర్ పెట్టించి, దవాఖాన ఆయాకు అప్పగించి, యాదయ్యను ఆటో ఎక్కించారు. నేనూ వెళ్లాను. దారిలోనే ఆయన పెదాలు నల్లబడ్డాయి.

గేటు దగ్గర సెక్రటరీ దూరంగా నిలబడి, "పిల్లలున్న చోటుకి ఇలా తెస్తారా?" అని విసుక్కున్నాడు.

"ఆ పిల్లల్ని కాసింది ఈయనేనండి. తాళం తీయండి. లేదంటే మీ గేటు ముందే పోతాడు. నేను కదలను."

తాళం వచ్చింది. దయతో కాదు, బాల్కనీల్లోంచి ఫోన్లు వీడియో తీస్తున్నాయని. యాదయ్య బతికాడు.

ఆ విపత్తు గడవగానే, అవసరం తీరిందని ఆమెను పనిలోంచి తీసేశారు. మణికొండలో ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లకు సేవ చేసి బతికారు. ఇప్పుడదే గేటుకు "కరోనా యోధురాలికి అశ్రునివాళి" అని ఫ్లెక్సీ! ఆ అశ్రువులు ఆమె ఉద్యోగం ఊడిన రోజున ఏ క్లబ్‌హౌస్‌లో దాచుకున్నారో?

సమాధి దగ్గర యాదయ్య నన్ను పట్టుకుని, "ఇగ మన కోసం ఎవరు కొట్లాడుతరన్నా?" అని ఏడ్చాడు.

పూడ్చలేని లోటని రాయడం ఆనవాయితీ. చూసుకోకుండా నేనామాట రాయను. దవాఖానకు వెళ్లి చూశాను. ఆమె కుర్చీలో మరో నర్సు కూర్చుంది, పనిమంతురాలే. మూల ఒక్క సిలిండరే ఉంది. రెండోది అడిగితే పైనుంచి రాలేదంది. "ఇద్దరొస్తే?" అన్నాను.

"ఒకర్ని పంపించేస్తామండి" అంది, మామూలుగా.

సిస్టర్, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరుండగా ఆ మాట ఆ గదిలో ఎవరూ అనలేదు.