చాపని వేలు

మొన్న మా మేడ మీది సొరపాదుకు తొలి పిందె పడింది. మనవరాలు దానికేసి వేలు చాపగానే గబుక్కున ఆ వేలు మడిచేశాను. ఆ తొందరలో నలిగిన సొరాకు పచ్చివాసన ఒక్కసారిగా నన్ను జనగామలో మా పెరట్లోకి పట్టుకుపోయింది.

అరవైతొమ్మిది ఉద్యమం రోజులు. నాకు ఆరేళ్లు. బందులతో అంగడి నడవక, పెరట్లో కాసిందే మాకు కూర. "పిందెను వేలువెట్టి సూపియ్యకు బిడ్డా, మురిగిపోతది," అని అమ్మ రోజూ చెప్పేది.

ఒక మధ్యాహ్నం, కాలేజీలో చదివే మా అన్న ఉరికొచ్చి, పందిరి మీంచి నేలదాకా వేలాడే సొరతీగల వెనక నక్కాడు. వెంటనే పోలీసులు వచ్చారు. ఒకాయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీ అన్న ఎటెళ్లాడు పాపా? నోటితో చెప్పొద్దు, వేలితో చూపించు చాలు."

అన్న తలకు జానెడు ఎత్తులో, పువ్వు ఇంకా రాలని పిందె ఒకటి వేలాడుతోంది. అటు వేలు చాపితే అది మురిగిపోదూ! పిడికిళ్లు బిగించి వెనక దాచుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టి గుంజాడు. ఏడ్చాను గానీ పిడికిలి విప్పలేదు. చివరికి విసుక్కుని వెళ్లిపోయారు.

"ఎంత గుండెధైర్యమే నీకు!" అంటూ అమ్మ నన్ను హత్తుకుంది.

నేను కాపాడింది పిందెను. దాని చాటున అన్న కూడా బతికిపోయాడని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు.