చీల్చిన చుక్కల లెక్క

నాకు లెక్క తప్పదని చిన్నప్పటి నుంచి పొగరు. ఆ పొగరే ఒకరి కొంప ముంచింది.

తెలంగాణ వచ్చాక హైదరాబాదులో పరిశోధనకు చేరాను. మా ప్రయోగశాలలో అణువులను నీరు గడ్డకట్టే చలికంటే ఎంతో దిగువకు చల్లబరిచి, సన్నని రంధ్రం గుండా గాలి తీసేసిన పెట్టెలోకి ధారగా వదిలేవారు. అందులో ఎన్ని అవతల వాటిని పసిగట్టే డిటెక్టర్ దాకా చేరతాయో కంప్యూటర్‌లో ముందుగా లెక్కగట్టడం నా పని. యంత్రాన్ని నడిపేది నాకంటే రెండేళ్లు సీనియరైన అక్క, కల్వకుర్తి మనిషి. నేను చెప్పిన దాంట్లో పదో వంతు కూడా ఆమె డిటెక్టర్‌కు అందేది కాదు. ఎక్కడో గాలి లీకవుతోందని రెండేళ్లు ఆ పెట్టె బోల్టులు విప్పుతూ, బిగిస్తూ గడిపింది. మీటింగుల్లో అందరి ముందూ ఆమెకే చీవాట్లు. నా ప్రోగ్రామ్‌ను మళ్లీ చూడమని గైడు అనలేదు. నేనూ చూడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆమె ఫెలోషిప్ గడువు ముగుస్తున్న వారంలో నేను దేవరకొండ దగ్గరి మా ఊరికి వెళ్లాను. పొద్దున గొర్రెల దొడ్డిలో జీవాలను లెక్కపెట్టమన్నాడు బాపు. నా లెక్క బాపు లెక్కకంటే ఎక్కువ వచ్చింది.

"పాలు తాగే పిల్లలను గూడ లెక్కవెట్టినవా?" అన్నాడు. "గవి తల్లి లెక్కల్నే ఉంటయి బిడ్డా. మేత మేసినంకనే వేరే లెక్క."

నవ్వబోయి ఆగిపోయాను. కంప్యూటర్‌లో ఒక్కో చుక్క కోట్ల అణువులకు బదులుగా నిలబడుతుంది. ధార పలచబడిన చోటల్లా, లెక్కకు చుక్కలు చాలక, ఒక్కో చుక్కను మళ్లీ రెండుగా చీలుస్తాం. ఆ రెండూ తల్లిచుక్క బరువును, అంటే అది మోసే అణువుల సంఖ్యను, చెరిసగం పంచుకోవాలి. నేను పంచానా? ఇంట్లోకి పరుగెత్తి లాప్‌టాప్ తెరిచాను. పంచలేదు. ప్రతి పిల్లా తల్లంత బరువుతో లెక్కలోకి ఎక్కుతోంది. ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క వరుస సరిచేసి మళ్లీ నడిపించాను. మధ్యాహ్నానికి వచ్చిన సంఖ్య, అక్క యంత్రం రెండేళ్లుగా చెబుతున్న సంఖ్యే.

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, లీకు లేదు. నీ మిషన్ మంచిగనే ఉన్నది. తప్పు నా లెక్కల్నే ఉన్నది."



"నిన్ననే పీహెచ్‌డీ ఇడిసిపెడుతున్నని కాయితం ఇచ్చిన," అంది. "కారణం రాయమన్నరు. నాకు పని చాతగాదని రాసిన."