చెక్క కింది నలుపు

ప్రతి ఏడూ దసరా దగ్గరపడగానే గద్వాలలోని నా పాత సామాన్ల దుకాణానికి గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి వస్తుంది. విప్పకముందే అందులో ఏముందో వాసన చెప్పేస్తుంది. నూనెలో నానిన పాత తోలు, కుంకుమ, ఇనుము కలిసిన వాసన అది. పెద్దమందడి నర్సమ్మ వాళ్ల ఎయిర్ గన్. లోపలి తోలు వాషర్ ఎండిపోకుండా కాస్త నూనె వేసి ఇవ్వడం నా వంతు. ఈ ఏడు కూడా గొట్టం కిందికి వంచి నూనె చుక్క వేస్తుంటే మహబూబ్ సాబ్ గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం మాటవరసకే. ఈ పని చేస్తున్నంతసేపూ ఆయన నా పక్క కుర్చీలోనే ఉంటారు, చాయ్ చల్లారిపోయిందని గొణుగుతూ.

వనపర్తి బస్టాండు వెనక సందులో ఆయనకు పాత సామాన్ల దుకాణం ఉండేది. కూలిన దొరల గడీల తలుపులు, ఎప్పుడో ఆగిపోయిన గోడ గడియారాలు, మూతలు పోయిన పాన్‌దాన్లు, గ్రామఫోన్ బాకాలు కాలు పెట్టే చోటు లేకుండా పేర్చి ఉండేవి. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరకక అక్కడ పనికి చేరాను. సాబ్‌కు అత్తరు మీద ఎంత మోజో తన చూపు మీద అంత నమ్మకం. వచ్చిన వస్తువును ముట్టుకోకుండానే, కుర్చీలోంచి లేవకుండానే దాని పుట్టుపూర్వోత్తరాలు, ధర చెప్పేయడం ఆయన గొప్ప. చెప్పేముందు గడ్డం ఒకసారి దువ్వుకునేవారు. "చేత్తోని పట్టుకుని చెప్పేటోడు కొత్తోడు బేటీ. నేను చూడంగనే చెప్త," అనేవారు. అది విని నవ్వు ఆపుకోవడం నాకు కష్టమయ్యేది. కానీ ఊళ్లో ఆయన మాటకు తిరుగులేదు. పాత సామాను విషయంలో అన్నదమ్ములు తగువు పడినా ఆయన దగ్గరికే వచ్చేవారు.

అట్లా ఒక సంత రోజు, దుకాణం నిండా జనం ఉన్నప్పుడు నర్సమ్మ వచ్చింది. వెంట తమ్ముడు కిష్టయ్య. ఆమె మూట విప్పి తుపాకిని బల్ల మీద పెట్టింది. ఇనుమంతా స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. చెక్కకు ఎర్ర రంగు దట్టంగా పూసి ఉంది.

"ధర సంగతి తర్వాత సాబ్. గిది అసలుదా, జాతరల బుగ్గలు కొట్టేదా? ముందు గది చెప్పు," అన్నది.

విషయం ఏమిటంటే, వాళ్ల నాయన సాయన్న ఒక దొర జొన్నచేలకు కావలి ఉండేవాడట. చిలకలను బెదరగొట్టడానికి దొరే ఈ విదేశీ తుపాకి ఇచ్చాడని, కావలి మానేసేటప్పుడు ఉంచుకొమ్మన్నాడని ఆయన చెప్పుకునేవాడు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. జాతరలో బుడగలు కొట్టించే దుకాణం వాడి దగ్గర కొనుక్కొచ్చి కథలల్లుతున్నాడని కొడుకు కిష్టయ్య కూడా నవ్వేవాడు. "చచ్చేదాంక కోతల సాయన్న అనే పిల్శిండ్రు సాబ్. పోయినంక గూడ గదే పేరు. నిజమేందో నాకు తెల్వాలె," అన్నది నర్సమ్మ.

సాబ్ గడ్డం దువ్వుకున్నారు. "బుగ్గలదే అమ్మా. పేరు లేదు, నెంబరు లేదు. జాతర మాల్," అనేశారు. గుమ్మం దగ్గర కిష్టయ్య పకపకా నవ్వాడు. అది చూసి ఇంకా కొందరు నవ్వారు. నర్సమ్మ ఏడవలేదు. కొంగు సర్దుకుని, "అయితే ఈడనే ఉండనీ సాబ్. ఇంటికి తీస్కపోయి ఏం జేస్త," అని ధర కూడా అడగకుండా వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు జాతరల్లో తిరిగే బుడగల దుకాణం వాడొకడు ఆ తుపాకి అడిగాడు. గాలి సరిగ్గా పట్టడం లేదని, సైకిల్ పంపు వాషర్ ఒకటి వేసి ఇద్దామని సాబ్ దాన్ని విప్పడం మొదలుపెట్టారు. మరలు తీసి చెక్కలోంచి ఇనుమును బయటికి లాగిన ఆయన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"సుజాతా, లైటు జర ఇటు పట్టు."

పైనంతా తెల్లగా మెరిసే ఇనుము, చెక్కలో దాగిన భాగంలో మాత్రం కంపెనీలో పట్టించిన నలుపు పోకుండా నిగనిగలాడుతూ ఉంది. ఆ నలుపు మీద జర్మనీ అని ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన నెంబరు. ట్రిగ్గరు దిమ్మె మీదా అదే నెంబరు. బుడగల తుపాకులు రకరకాల తుపాకుల ముక్కలు కలిపి కట్టినవి, వాటి నెంబర్లు ఎన్నటికీ కలవవు. సాబ్ చెక్క మీది ఎర్ర రంగును గోటితో గీకారు. లోపల అక్రోటు కట్టె, ఖరీదైన విదేశీ తుపాకులకు వాడేది. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"దసరాకు గడ్డపార, కొడవలి ఎట్ల తోముతరో దీన్ని గూడ గట్లనే తోమిండ్రు బేటీ. చింతపండు, ఇటుకపొడి పెట్టి ఏటేటా. పేరు వాళ్ల చేతులతోనే అరిగిపోయింది. నేను ఈ ఊళ్ల పుట్టి గీ మాట యాదికి తెచ్చుకోలే."

నర్సమ్మకు ఫోన్ చేసి రమ్మందామన్నాను. ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశారు. "ఫోన్ల చెప్తే ఆమె ఒక్కతే వింటది. ఆమె పరువు నేను పదిమందిల తీసిన. పదిమందిలనే తిరిగి ఇయ్యాలె."

మర్నాడు దుకాణానికి తాళం వేసి ఇద్దరం పెద్దమందడి బస్సెక్కాం. నర్సమ్మ ఇంటికి కిష్టయ్యను పిలిపించారు, చుట్టుపక్కల వాళ్లను కూడా రమ్మన్నారు. అందరూ వచ్చాక మంచం మీద తుపాకిని విప్పి ఆ నలుపు చూపించారు. "ఆ దినం నేను కుర్చీల కూసుండి, చూడకుండ చెప్పిన. తప్పు నాది. గిది జర్మనీది, మీ నాయిన పుట్టకముందుది," అన్నారు. ఈసారి గడ్డం దువ్వుకోలేదు.

"అయితే దొర ఇచ్చింది నిజమేనా?" అన్నాడు కిష్టయ్య.

"ఎవరిచ్చిండ్రో ఇనుము చెప్పదు. గది నాకూ తెల్వదు. కానీ ఇసుంటిది జాతరల దొరకదు. మీ నాయిన కోతలు కొయ్యలే."

నర్సమ్మ ఒక్కసారిగా బావురుమన్నది. ఏడుస్తూనే తమ్ముణ్ని తిట్టింది. కిష్టయ్య వంగి ఆ అక్షరాలను బొటనవేలితో తడుముతూ ఉండిపోయాడు. తర్వాత సాబ్ ధర చెప్పారు. పై నలుపు పోకుండా ఉంటే దానికి ఎన్నో రెట్లు పలికేదని కూడా దాచకుండా చెప్పారు.

"మేం తోముడు తప్పా సాబ్?" అని అడిగింది నర్సమ్మ.

"దుకాణపోని లెక్కల తప్పే అమ్మా. మీ నాయిన లెక్క నాకు తెల్వదు."

ఆమె అమ్మనన్నది. మేము జొన్నరొట్టెలు తిని, ఆమె ఇచ్చిన పల్లికాయల సంచితో, తుపాకి లేకుండా తిరిగొచ్చాం. మంచి బేరం పోగొట్టుకున్నామని బస్సులో నేను మూతి ముడుచుకున్నాను. సాబ్ నోరు తెరిచి హాయిగా నిద్రపోయారు. అంత నిశ్చింతగా ఆయన నిద్రపోవడం నేను మళ్లీ చూడలేదు. ఆ తర్వాత ఆయన కుర్చీలోంచి ధర చెప్పలేదు. వస్తువు ఏదైనా లేచివెళ్లి, తిప్పి, కింద ఏముందో చూశాకే నోరు విప్పేవారు.

సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు ఫోన్లో ఫొటోలు పంపి "ధర చెప్పు అక్కా" అంటారు. వస్తువు తీసుకురమ్మంటాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆయన మీద బెంగ కలిగినప్పుడు నాకు ఈ పద్ధతే ఆసరా.

ఈ ఏడు కూడా మూట తెచ్చింది కిష్టయ్యే. జుట్టు నెరిసింది. ఇనుము మళ్లీ తళతళలాడుతోంది.

"మళ్ల తోమిండ్రా కిష్టన్నా?"

"పండుగ గదమ్మా, మా అక్క ఊకుంటదా. కానీ చెక్క లోపల ముట్టలే. గది నాయినది."

నూనె వేసి మూట కట్టబోతుంటే ఆయన కదల్లేదు. దుకాణంలో బేరాలాడుతున్న జనం వైపు ఒకసారి చూశాడు. ఏటా సంత రోజునే ఎందుకొస్తాడో నాకు తెలుసు.

"సుజాతమ్మా, జర చెక్క ఇప్పి చూపియ్యరాదు," అన్నాడు అందరికీ వినబడేట్టు. "మా నాయిన తుపాకి. వీళ్లు గూడ చూస్తరు."

నేను కుర్చీలోంచి లేచి స్క్రూడ్రైవర్ అందుకున్నాను.