పాటలో చనిపోయిన తమ్ముడు

ఆర్విస్ మా కెంటకీ కొండల్లో బొగ్గు తవ్వేవాడు. అతని అన్న డెల్మర్ గిటారు భుజాన వేసుకుని నాష్‌విల్ వెళ్లి, కంట్రీ పాటలకు రాజయ్యాడు. ‘పొగమంచులో రైలు’, ‘నీ గుమ్మంలో నా టోపీ’ ఊరూరా మోగాయి. ‘గనిలో నా తమ్ముడు’ మాత్రం ఇంటింటా కాపురం పెట్టింది. అందులో తమ్ముడు బొగ్గు కింద పడి చనిపోతాడు. పేరు కూడా ఆర్విసే.

ఎందుకు చంపావంటే, తమ్ముడు బతికుంటే పాటకు మూడో చరణం లేదని డెల్మర్ నవ్వేశాడు. ఆర్విసూ నవ్వాడు. కొట్టు దగ్గర స్నేహితులు ఏడిపించేవారు.

“చచ్చినోడివి, నీకు పొగాకెందుకురా?”

“పైన దొరకదంట. పట్టుకుపోదామని.”

ముసలితనంలో వాళ్లమ్మ జెట్టీ మతి మంచులా కరిగింది. ముందు వారాల పేర్లు పోయాయి, తర్వాత మొహాలు. పాటలు మిగిలాయి. ఒకరోజు రేడియోలో ఆ పాట విని, కొడుకు పోయిన కబురు అప్పుడే అందినట్టు ఏడ్చింది. మొక్కజొన్న రొట్టె తుంచి పెడుతున్న ఆర్విస్, నేనే కదమ్మా అన్నాడు. ఆమె అతని చెయ్యి నిమిరింది.

“మంచోడివి నాయనా. మావాడూ నీలాగే ఉండేవాడు.”

రేడియో తీసేశాడు. పాట ఆమె లోపల మోగుతూనే ఉంది. చివరికి అన్నకు ఫోన్ చేశాడు.

“నన్ను చంపింది నువ్వే. నువ్వే లేపు అన్నా. నా మాట నమ్మదు, నీ పాట నమ్ముద్ది.”

ఏటా మే నెలలో సమాధుల మీద గడ్డి గీకి, పూలు పెట్టి, అక్కడే కొండమీద అందరం కలిసి తినే ఆదివారం డెల్మర్ వచ్చాడు. అమ్మ కుర్చీ ముందు నిలబడి పాడాడు. మూడో చరణం మార్చుకొచ్చాడు. ఇందులో తమ్ముడు మసి మొహంతో వెలుగులోకి నడిచొస్తాడు.

కానీ మావాళ్లు అప్పటికే కళ్లు మూసుకుని గొంతు కలిపారు. ప్రతి ఇంట్లోనూ గని మింగిన మనిషి ఒకడున్నాడు. పాత మాటలే ఏరులా పొంగాయి. డెల్మర్ ముసలి గొంతు వాటి కింద మునిగిపోయింది. ఆగి, మళ్లీ అందుకున్నాడు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని, ఆదుకోవడానికి మావాళ్లు ఇంకా గట్టిగా పాడారు. పాటలో ఆర్విస్ మళ్లీ చనిపోయాడు.

జెట్టీ కళ్లు తుడుచుకుని పక్కనున్న ఆర్విస్ వైపు తిరిగింది.

“మావాడి సమాధి ఎక్కడుందో కాస్త చూపిస్తావా నాయనా?”

ఆర్విస్ ఆమె చెయ్యి పట్టుకుని, రాళ్ల మధ్య నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్లాడు.