ఒకే గోడకు వేలాడిన తలుపు

మా బాబాయి వడ్రంగి. వీధిలోని తలుపులన్నీ ఆయన మాట వినేవి, సొంత ఇంట్లోది తప్ప.

తప్పు తలుపుది కాదు. వంటింటి గోడకూ పడగ్గది గోడకూ మధ్య సందు కిందుగా భూమిలో ఒక పగులు పోతోంది. దానికి అటొక భూఫలకం, ఇటొక భూఫలకం. ఒకటి పైకి లేవదు, ఒకటి కిందికి దిగదు. పక్కపక్కనే రాసుకుంటూ ఎదురు దిక్కులకు జరుగుతాయి. ఇలాంటి పగుళ్లు కొన్నిచోట్ల ఏళ్ల తరబడి బిగుసుకుని ఉండి, ఒక్కసారిగా జారి ఊళ్లను కుదిపేస్తాయి. మా వీధి కిందది నింపాది మనిషి. ఏడాదికి పెన్సిల్ మందం జరిగేది, అంతే.

ఆ రెండు గోడలకూ కలిపి బాబాయి ద్వారబంధం బిగించాడు. ఏటా అది వంకరపోయేది. ఏటా తలుపు చిత్రిక పట్టి, మళ్లీ రెండువైపులా మేకులు దిగ్గొట్టేవాడు.

"ఈసారి కదిలిందంటే నా పేరు మార్చుకుంటా."

"ఇప్పటికి పదకొండు పేర్లయ్యాయి," అనేది మంచంలోంచి పిన్ని. ఆమెకు కాళ్లు పడిపోయి చాలా కాలమైంది.

ఒక పొద్దున ఆయన పాలకు వెళ్లొచ్చేసరికి తలుపు బిగుసుకుపోయింది. లోపల పిన్ని ఒక్కతే. గొడ్డలితో పగలగొట్టేసరికి అరగంట పట్టింది. సాయంత్రం కూతురు వచ్చింది.

"ఇంక చాలు నాన్నా. ఆదివారం అమ్మను మా ఇంటికి తీసుకెళ్తా. ఇద్దరికీ చోటు లేదు, ఏం చెయ్యను?"

పెళ్లయ్యాక బాబాయీ పిన్నీ వేర్వేరు ఇళ్లలో పడుకున్నది లేదు.

శనివారం నేను వెళ్లేసరికి కొత్త ద్వారబంధం చెక్కుతున్నాడు. పిన్ని చూసి చూసి అంది:

"ఏమండీ, అటు పోయేవాణ్ణీ ఇటు పోయేవాణ్ణీ కలిపి కట్టేస్తే ఎలా? తలుపును నా గోడకే వేలాడదీయండి. అవతలి గోడ దాని దారిన అది పోతుంది."

ఆయన నోట్లో మేకులతో అలాగే నిలబడిపోయాడు. తర్వాత వాటిని చేతిలోకి ఉమ్ముకుని, "పదకొండేళ్లు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"మీరు అడిగితేగా!"

పొద్దు గూకేలోపు పడగ్గది గోడకు ఇనుప పట్టా బిగించి, చక్రాల మీద జరిగే తలుపు వేలాడదీశాం. గోడ జరిగినా దారి మూసుకుపోకుండా వంటింటి గోడలోని దారిని ఇంకో జానెడు వెడల్పు చేసి వదిలేశాం.

ఆదివారం కూతురు బట్టలు సర్దడానికి పెద్ద సంచితో వచ్చింది. చిటికెనవేలితో తలుపు తోసింది. జరిగింది. వెనక్కి లాగింది. వచ్చింది. మంచంలోని తల్లి వైపు తిరిగింది.

"ఏమంటావమ్మా?"

"ఆ సంచి మీ నాన్నకిచ్చెయ్యి. మిగిలిన మేకులు పోసుకుంటాడు," అంది పిన్ని.

పిన్ని ఆ గదిలోనే ఇంకా తొమ్మిదేళ్లు బతికింది. గోడ జరుగుతూనే ఉంది. ఆమె పిలిచినప్పుడల్లా తలుపు తెరుచుకుంది.